బేబ్ రూత్ చరిత్రము

బేబ్ రూత్ అని లోకము పిలిచిన జార్జి హెర్మన్ రూత్ 1895వ సంవత్సరము ఫిబ్రవరి 6వ తేదీన అమెరికాలోని బాల్టిమోరు నగరమున జన్మించెను. అదుపులో నిలువని యీ బాలుని తలిదండ్రులు ఏడవయేట సెయింట్ మేరీస్ పారిశ్రామిక పాఠశాలయందు చేర్చిరి. అచట నాతడు చొక్కాలు కుట్టుటయు, బ్రదర్ మథయస్ అను గురువు చెంత బేసుబాలు ఆటయు నేర్చెను.

1914లో బోస్టను రెడ్ సాక్స్ జట్టులో పిచ్చరుగా, అనగా బంతి విసరువాడుగా, ప్రవేశించి 1916లో 23 విజయములు గడించెను. పిచ్చర్లు సామాన్యముగా బ్యాటు పట్టుటలో దుర్బలులు. రూత్ మాత్రము 1918లో పిచ్చరుగా 13 విజయములు పొందుచునే, 11 హోమ్ రన్నులు కొట్టి లీగున అగ్రస్థానమును మరియొకనితో పంచుకొనెను. పిమ్మట న్యూయార్కు యాంకీస్ జట్టున ముఖ్యముగా బ్యాటుతోనే ఆడి, 1927లో 60 హోమ్ రన్నులు కొట్టెను. జీవితమున మొత్తము 714 కొట్టి, 1948 ఆగస్టు 16వ తేదీన మరణించెను.

పిచ్చరునకు బదులు వేరొకడు బ్యాటు పట్టవచ్చునను నిబంధనను అమెరికన్ లీగు 1973లోను, నేషనల్ లీగు స్థిరముగా 2022లోను స్వీకరించెను. దానివలన ఆట రక్తి కట్టునని కొందరందురు. అది నిజమే కావచ్చును. కాని యా నిబంధన రూత్ యౌవనముననే యుండినచో, ఆ పిచ్చరు చేతికి బ్యాటు నిచ్చి చూచువా రెవరు? విద్యార్థులారా, ఒక పనిలో నేర్పరియైనవానిని రెండవ పనికి తగడని పరీక్షింపకయే నిర్ణయింపరాదని మేము తలంచుచున్నాము.