మాలర్ గుండె జబ్బు

గుస్తావ్ మాలర్ అనగానే అందరూ సింఫనీలంటారు. నాకు మాత్రం 1907 గుర్తొస్తుంది. ఆ ఏడాది ఆయన పెద్దకూతురు మరియా 4 ఏళ్లకే పోయింది. కొద్ది రోజులకే డాక్టరు పరీక్షచేసి, ఆయన గుండె కవాటం పాడైందన్నారు. కొండలెక్కడమంటే ప్రాణమైన మనిషి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడవాల్సొచ్చింది.

పాడైన కవాటంతో చిక్కేమిటో 1880ల్లోనే జర్మనీ ప్రయోగశాలల్లో కుందేళ్ల మీద చూశారు. మెడ రక్తనాళంలోంచి సన్నని కడ్డీ పోనిచ్చి కవాటాన్ని గాయపరచేవారు. తర్వాత రక్తంలోకి సూక్ష్మజీవుల్ని ఎక్కిస్తే, సరిగ్గా ఆ గాయం దగ్గరే అవి కాపురం పెట్టేవి. పాపం, నోరులేని జీవాలు!

మాలర్‌కీ అదే జరిగింది. 1911 ఫిబ్రవరి 21న న్యూయార్క్‌లో జ్వరంతోనే కచేరీ నడిపించారు. అదే ఆఖరిది. డాక్టర్ లిబ్‌మన్ వచ్చి చూశారు. ఆయన సహాయకుడు జార్జ్ బేర్ తీసిన రక్తాన్ని ల్యాబ్‌లో పెంచితే స్ట్రెప్టోకాకస్ బయటపడింది. నిజం చెప్పమని మాలరే అడిగారు, చెప్పారు. జబ్బు తెలిసింది సరే, మందేదీ? పెన్సిలిన్‌ని కనిపెట్టింది 1928లో కదా!

భార్య ఆల్మా ఆయన్ని పారిస్ తీసుకెళ్లింది, అక్కణ్ణించి వియన్నా. పెళ్లికి ముందు ఆయన పెట్టిన షరతుకి తలొగ్గి తన సంగీత రచన మానేసిన మనిషి ఆమె. ఆ సంగతి మాత్రం నాకిప్పటికీ మింగుడుపడదు. మే 18న మాలర్ కన్నుమూశారు. 51 ఇంకా నిండలేదు. గ్రింజింగ్ శ్మశానంలో మరియా దగ్గరే ఖననం చేశారు.