ఘంటసాల పాట ఎందుకు నిలిచింది?

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి ఉద్యోగాలకు వెళ్లిన తెలుగువాళ్లు బిలాస్‌పూర్‌లో స్థిరపడ్డారు. పిల్లల చదువు హిందీలోకి మారేకొద్దీ అలాంటి ఊళ్లలో తెలుగు అక్షరం దూరమవుతుంది. చెవికి అందే తెలుగు మాత్రం మిగులుతుంది. ఆ తెలుగు అనగానే ముందు గుర్తొచ్చేది ఘంటసాల వెంకటేశ్వరరావు గొంతు. అది పదునెక్కింది కూడా ఉత్తరాంధ్రలోనే.

ఆయన 1922 డిసెంబర్ 4న గుడివాడ దగ్గరి చౌటపల్లిలో పుట్టారు. తరంగాలు పాడే తండ్రి సూరయ్య చిన్నతనంలోనే పోయారు. సంగీతం కోసం విజయనగరం చేరిన కుర్రాడు మధూకరం ఎత్తి కడుపు నింపుకున్నాడు. పట్రాయని సీతారామశాస్త్రి చేరదీసి పాఠం చెప్పారు. 1942 ఉద్యమంలో జైలుకెళ్లొచ్చాక, సముద్రాల రాఘవాచార్య ప్రోత్సాహంతో మద్రాసు వెళ్లారు. రేడియోలోనూ, సినిమా కోరస్‌లలోనూ పాడారు.

1949 నాటి 'మనదేశం'కు ఆయనే సంగీతం కూర్చారు. ఆ పాటలు ఇప్పుడు అరుదుగా వినిపిస్తాయి. రెండేళ్ల తర్వాత చేసిన 'పాతాళభైరవి' పాటలు ఇంకా మోగుతూనే ఉన్నాయి. మళ్లీ మళ్లీ ఆడిన సినిమా తన పాటల్ని కూడా మోసుకొస్తుంది.

రేడియో ఒక్కటే పాటను నిలబెట్టలేదు. 1952 తర్వాత కేంద్రమంత్రి కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటలకు కత్తెర వేశారు. శ్రోతలు రేడియో సిలోన్ వైపు మళ్లారు. చివరికి 1957లో ఆకాశవాణే వివిధ భారతి మొదలుపెట్టాల్సి వచ్చింది.

సినిమా ఒక్కటే కారణమూ కాదు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' పద్యాలు ఆయన గొంతులో ప్రైవేటు రికార్డుగానే ఇంటింటికీ చేరాయి. నాటకాల పద్యంలో రాగం సాగుతూ ఉంటే మాట వెనకబడేది. ఘంటసాల సాగతీత తగ్గించి, పదం విడివిడిగా వినబడేలా పాడారు. ఒకసారి విన్నవాళ్లు తిరిగి పాడుకోగలిగారు. అలా జనం నోట పడ్డ పాటనే శ్రోతలు మళ్లీ కోరతారు, రేడియో మళ్లీ వేస్తుంది.

ఆరోగ్యం దెబ్బతిన్న రోజుల్లో ఆయన భగవద్గీత రికార్డు చేశారు. 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశారు. ఆ రికార్డు తర్వాతే విడుదలైంది. ఇవాళ అది మైకులో వినిపిస్తే ఎవరు పోయారోనని వాకబు చేస్తున్నారు. చావు ఇల్లు ఆ రికార్డును బతికించింది, దాని పరిధిని కూడా కుదించింది. శ్లోకం వెంట ఆయన తెలుగులో తాత్పర్యం చెప్పింది బతికున్నవాళ్లకు అర్థం కావాలనే. బిలాస్‌పూర్‌లో తెలుగు చదవడం రాని పిల్లలకు కూడా అది అందుతుంది. ఎవరో ఒకరు మామూలు రోజున వినిపించాలి, అంతే.