శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారు

పల్లెటూరిలో పదిమందికి వార్త తెలియవలెనన్నచో ముందుగా తప్పెట మ్రోగవలెను. ఆ చప్పుడు వినినంతనే పొలమునకు బోవువాడు నిలుచును, ఇంటనున్నవారు వాకిటికి వత్తురు. నిజాము రాజ్యములోని తెలుగువారి నట్లు మేలుకొలిపిన పత్రిక యొకటి యుండెను. దానిని నడిపినవారు మన ప్రాంతమువారే యగుట మనకెంతయు సంతోషకరము. కావున మన విద్యార్థులకొరకు శ్రీ సురవరము ప్రతాపరెడ్డిగారి జీవితమును సంగ్రహముగా నిచ్చట వ్రాయుచున్నాము.

వీరు 1896వ సంవత్సరము మే 28వ తేదీన జన్మించిరి. వీరి స్వగ్రామమైన ఇటిక్యాలపాడు నేటి జోగుళాంబ గద్వాల జిల్లాలోనిది. కర్నూలులో చదువుకొను దినములలో వెల్లాల శంకరశాస్త్రిగారియొద్ద సంస్కృతాంధ్రముల నభ్యసించిరి. మదరాసులో బి.ఏ. పట్టమును బొంది, పిమ్మట న్యాయశాస్త్రమును జదివిరి. ఉరుదూ, పారసీ, ఆంగ్లభాషలయందును వీరికి మంచి పరిచయము గలదు. కొంతకాలము వకీలుగా నుండిరి గాని, ఆ వృత్తిలో వీరి మనస్సు నిలువలేదు. హైదరాబాదులో రెడ్డి విద్యార్థి వసతిగృహమునకు కార్యదర్శియై, పల్లెలనుండి వచ్చిన బాలుర చదువుసాములను కనిపెట్టుచుండిరి.

ఆ కాలపు స్థితిని నేటి పిల్లలు తెలిసికొనదగును. ప్రజలలో పెక్కుమంది తెలుగువారే యైనను, కచ్చేరీలలోను పై చదువులలోను ఉరుదూ భాషయే చెల్లుచుండెను. సభ జరుపవలెనన్నను సర్కారువారి యనుమతి కావలసియుండెను. 1922లో ఇనుగుర్తినుండి తెనుగు పత్రికయు, నల్లగొండనుండి నీలగిరి పత్రికయు వెలువడెను గాని, యవి కొలది యేండ్లకే నిలిచిపోయెను. ఇట్టి సమయమున 1926 మే 10వ తేదీన ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను స్థాపించిరి. అది వారమునకు రెండుమారులు వెలువడుచుండెను. సంపాదకుడు, వ్యాసకర్త, విమర్శకుడు, కథకుడు అన్నియు తామేయై, మారుపేర్లతో కూడ వ్రాసి పుటలు నింపిన దినము లనేకములు. దొరలకు గాని యధికారులకు గాని వెరచి వారు కలము నాపలేదు. 1930లో జోగిపేటలో జరిగిన మొదటి నిజాము రాష్ట్ర ఆంధ్రమహాసభకు వారినే యధ్యక్షులుగా నెన్నుకొనిరి.

వారి జీవితములో మనము ముఖ్యముగా గ్రహింపదగిన ఘట్ట మొకటి గలదు. తెలంగాణములో తెలుగు కవులే లేరని యొక రాక్షేపించిరి. ఆ మాట వినినవారికి కోపము వచ్చుట సహజము. ప్రతాపరెడ్డిగారు కోపమును గాక పనిని పూనుకొనిరి. పండితపోషణకు పేరుపడిన గద్వాల, వనపర్తి సంస్థానముల గాలి పీల్చినవారికి ఆ మాట యెంత పొల్లో తెలియును. అయినను తమకు తెలిసినంత మాత్రమున లోకము నమ్మదు గదా! పత్రికద్వారా కవులను బిలిచి, పద్యములను తెప్పించి, 354 మంది కవుల రచనలను 1934లో గోలకొండ కవుల సంచికగా బ్రకటించిరి. దానికి మారుమాట పలుకువారు లేకపోయిరి.

వారి రచనలలో మిన్నయైనది 1949లో వెలువడిన ఆంధ్రుల సాంఘిక చరిత్ర. రాజుల యుద్ధములను వ్రాయుటకు శాసనములు గలవు. కాపువాడేమి తినెను, సంతలో నేమి యమ్మిరి, పిల్లలే యాట లాడిరి, తిరునాళ్ల రాత్రి యే వాద్యములు మ్రోగెను అను సంగతులను చెప్పు శాసనము లరుదు. అందుచే వీరు కావ్యములను, సామెతలను, జానపదుల యాచారములను సాక్ష్యములుగా జేసికొనిరి. పాల్కురికి సోమనాథుని పండితారాధ్యచరిత్రలో తుమ్మెదపదములు, వెన్నెలపదములు, శివరాత్రినాటి శ్రీశైలపు తోలుబొమ్మలాటలు గలవు. క్రీడాభిరామములో ఓరుగంటి వీధులలో వాద్యములతో పల్నాటి వీరుల కథ పాడువారు గలరు. పండితులు ఛందస్సును, వ్యాకరణమును వెదకిన తావులలో వీరు ప్రజల పాటను, ఆటను వెదకిరి. ఆలంపురము శ్రీశైలమునకు పశ్చిమద్వారము. నాగర్‌కర్నూలు ప్రాంతపు ఉమామహేశ్వరము ఉత్తరద్వారము. ఆ త్రోవల నడచిన యాత్రికుల పాటలును, పల్లె వాద్యకారుని తప్పెటయు చరిత్రలో భాగములే యని యీ గ్రంథము చదివినపుడు మనకు బోధపడును.

1952లో వీరు వనపర్తినుండి హైదరాబాదు శాసనసభకు ఎన్నికైరి. 1953 ఆగస్టు 25వ తేదీన పరమపదించిరి. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీవారు తెలుగునకు తొలిసారిగా నొసగిన పురస్కారము వారి సాంఘిక చరిత్రకే లభించెను. దానిని కన్నులార జూచుటకు వారు లేకపోయిరి. వారి విగ్రహము హైదరాబాదులో టాంకుబండుమీద గలదు. 2025లో తెలంగాణ శాసనసభ తెలుగు విశ్వవిద్యాలయమునకు వారి పేరు పెట్టు బిల్లు నామోదించెను.

విద్యార్థులారా! మీ యూరిలో పాటలు పాడు వృద్ధులు, డప్పు వాయించు పనివారు, కథలు చెప్పు అవ్వలు నేటికిని గలరు. వారు పోయినచో వారితోనే యా విద్యయు పోవును. సెలవులలో ఇండ్లకు బోయినపుడు ఒక పుస్తకము దగ్గరనుంచుకొని, వారు చెప్పినది చెప్పినట్లు, వారి పేరు, ఊరు, దినముతోసహా వ్రాసికొనుడు. ప్రతాపరెడ్డిగారి పట్ల మనము చూపదగిన గౌరవ మదియేయని మేము తలంచుచున్నాము.