పాత మిలిటరీ ఇంజనుతో కొండెక్కిన సిడ్నీ అలార్డ్

మూలన పడేసిన జనరేటర్‌ని మా సైట్ మెకానిక్ అన్నలు మళ్లీ నడిపించినప్పుడల్లా మాకు సిడ్నీ అలార్డ్ గుర్తొస్తారు.

1910లో లండన్‌లో పుట్టిన ఆయన ఫోర్డ్ కార్ల గ్యారేజీ నడుపుకుంటూనే హిల్ క్లైంబ్ పోటీలకు వెళ్లేవారు. ఇందులో కార్లన్నీ ఒకేసారి పరుగెత్తవు. ఒక్కొక్కటే కొండదారి ఎక్కాలి, పోటీ అంతా గడియారంతోనే. షెల్స్‌లీ వాల్ష్ దారి మొత్తం 1000 గజాలే. ఒక్క మలుపులో తడబడితే అంతే సంగతులు.

రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, జర్మన్ సైన్యం వాడిన స్టెయిర్ వి-8 ఇంజను సంపాదించి సొంత కారులో బిగించారు. రేడియేటర్ అక్కర్లేదు, గాలితోనే చల్లబడుతుంది. దాంతోనే 1949లో బ్రిటిష్ హిల్ క్లైంబ్ చాంపియన్ అయ్యారు. 1952లో తన కంపెనీ కారుతోనే మాంటీ కార్లో ర్యాలీ గెలిచారు. అప్పుడు స్టిర్లింగ్ మాస్‌ది రెండో స్థానం!

తర్వాత జాగ్వార్ లాంటి పెద్ద కంపెనీల ధరలకు తట్టుకోలేక అలార్డ్ అమ్మకాలు పడిపోయాయి. 1966లో ఆయన కన్నుమూసిన రాత్రే క్లాఫమ్‌లోని ఫ్యాక్టరీ మంటల్లో కాలింది. ఆ కార్లను భద్రంగా చూసుకుని నడిపేవాళ్లు మాత్రం నేటికీ ఉన్నారు.

ఊరెళ్లి సొంత షెడ్డు పెట్టాలనుకునే తమ్ముళ్లూ, ఒక్క మాట. అలార్డ్ సరదాకు కొండలెక్కినా, కూడు పెట్టే గ్యారేజీని వదల్లేదు. మనమూ అంతే చేద్దాం.