హాస్యనటుడు రమణారెడ్డి

నెల్లూరు పట్టణానికి తూర్పున, పెన్నానది సముద్రాన్ని సమీపించే ప్రాంతంలో జగదేవిపేట అనే గ్రామం ఉన్నది. తిక్కవరపు వెంకటరమణారెడ్డి 1921 అక్టోబరు 1వ తేదీన ఆ గ్రామంలో జన్మించారు. రమణారెడ్డి అన్న పేరుతోనే ఆయన తెలుగు ప్రేక్షకలోకానికి చిరపరిచితులైనారు. చిత్రసీమకు మన జిల్లా ప్రసాదించిన ఈ హాస్యనటుని జీవితాన్ని సంగ్రహంగా స్మరించుకొనుటయే ఈ వ్యాసంలో మా ఉద్దేశం.

చలనచిత్రాలలో ప్రవేశించక పూర్వం ఆయన నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసినారు. నాటకానుభవం కొంత ఉన్నది; మనస్సు మాత్రం సినిమాలపైననే. నాటి తెలుగు చిత్రపరిశ్రమకు కేంద్రమైన మద్రాసు నెల్లూరుకు రైలులో కొన్ని గంటల ప్రయాణమే. అయినను నెలజీతం వచ్చే కొలువుకూ, రేపు వేషం దొరుకునో లేదో తెలియని వృత్తికీ మధ్య ఉన్న దూరం అంతకంటే ఎక్కువ. ఆ దూరాన్ని ఆయన సాహసించి దాటినారు. 1952లో విడుదలైన 'మానవతి' ఆయన తొలి చిత్రాలలో ఒకటి. ఆపైన కూడ అవకాశాలు వెంటనే వరుసకట్టలేదు.

బక్కపలుచని శరీరం, పొడవైన ముఖం, నెల్లూరు పలుకుబడి గల మాట - కథానాయకునికి ఇవి లోపాలుగా తోచవచ్చును. రమణారెడ్డికి ఇవే పెట్టుబడి అయినవి. స్థూలకాయులైన రేలంగి వెంకట్రామయ్య పక్కన ఆయన నిలిస్తే చాలు, మాట పుట్టక ముందే నవ్వు పుట్టేది.

1955లో వచ్చిన 'మిస్సమ్మ'లో ఆయన డేవిడ్ పాత్ర ధరించినారు. ఇచ్చిన అప్పును అడ్డుపెట్టుకొని కథానాయికను పెండ్లాడజూచే వడ్డీవ్యాపారి అతడు. అదే కథను తమిళంలో తీసినప్పుడు ఆ పాత్రను ప్రతినాయక పాత్రలకు పేరొందిన నంబియార్‌కు ఇచ్చినారు. తెలుగులో ఒక హాస్యనటునికి ఇచ్చినారు. రమణారెడ్డి విశిష్టత ఇక్కడనే తెలియుచున్నది. దుర్మార్గాన్ని చూచి భయపడుట కాక, దానిని చూచి నవ్వుట ఆయన మనకు నేర్పినారు.

అదే సంవత్సరం 'రోజులు మారాయి'లో ఆయన గ్రామ కరణం పాత్ర ధరించినారు. జమీందారీల రద్దు చట్టం 1948లోనే వచ్చినను, భూమి లెక్కలు కరణం కలంలోనే ఉండేవి. ఆ కలానికి జడిసిన రైతులు వెండితెరపై కరణాన్ని చూచి నవ్వగలిగినారు. ఆంధ్రప్రదేశ్‌లో కరణాల వ్యవస్థ రద్దయినది 1984లో. ప్రేక్షకుల మనస్సులలో ఆ భయం సడలుట అంతకు చాలా ముందే ఆరంభమైనది.

'మాయాబజార్' (1957)లో మాయలు నేర్పే చిన్నమయ్యగా, 'గుండమ్మ కథ' (1962)లో గుండమ్మ ఇంట చిక్కులు తెచ్చిపెట్టే వానిగా ఆయన చిరస్మరణీయులు. నిజజీవితంలో కూడ ఆయన ఇంద్రజాల విద్యలో ప్రవేశమున్నవారు. వేదికలపై ప్రదర్శనలు ఇచ్చినారు.

1974 నవంబరు 11వ తేదీన రమణారెడ్డి పరమపదించినారు. అప్పటికి ఆయన వయస్సు 53 సంవత్సరాలు మాత్రమే.

పేదవానిని, అమాయకుని చూపి నవ్వించుట సులభం. రమణారెడ్డి ఎక్కువగా లోభిని, పితూరీలు చెప్పేవానిని, అధికారం చేతబట్టిన అల్పుని చూపి నవ్వించినారు. ఉర్దూ, తెలుగు మాటలు కలగలిసి వినవచ్చే మన కళాశాల ప్రాంగణంలో ఇంటి యాసకు సిగ్గుపడే విద్యార్థులు కొందరుందురు. పుట్టిన ఊరి మాటనే పట్టుకొని లక్షలాది ప్రేక్షకుల ఆదరాన్ని పొందిన ఈ జగదేవిపేట వాసి జీవితం వారికి ధైర్యం చెప్పగలదని మా విశ్వాసం.