జార్జ్ స్నెల్

జార్జ్ డేవిస్ స్నెల్ (డిసెంబర్ 19, 1903 - జూన్ 6, 1996) అమెరికాకు చెందిన సుప్రసిద్ధ జన్యుశాస్త్రవేత్త. ఒక ప్రాణి నుండి మరొక ప్రాణికి మార్చిన కణజాలం నిలుస్తుందా లేదా అన్నది నిర్ణయించే జన్యువులను చిట్టెలుకలలో వేరుచేసి చూపాడు. ఈ కృషికి 1980లో బరూజ్ బెనసెరాఫ్, జాన్ డాసేలతో కలిసి వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి అందుకున్నాడు.

తొలి జీవితం

స్నెల్ మసాచుసెట్స్ రాష్ట్రంలోని బ్రాడ్‌ఫర్డ్‌లో జన్మించాడు. 1926లో డార్ట్‌మత్ కళాశాల నుండి పట్టభద్రుడై, 1930లో హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో విలియం కాసిల్ వద్ద డాక్టరేటు పొందాడు. తరువాత టెక్సాస్‌లో హెర్మన్ ముల్లర్ వద్ద పనిచేస్తూ, ఎక్స్-కిరణాలు చిట్టెలుకల క్రోమోజోములలో మార్పులు కలిగిస్తాయని నిరూపించాడు. 1935లో మెయిన్ రాష్ట్రంలోని బార్ హార్బర్‌లో గల జాక్సన్ ప్రయోగశాలలో చేరి, పదవీ విరమణ వరకు అక్కడే పనిచేశాడు. 1937లో రోడా కార్సన్‌ను వివాహమాడాడు. వీరికి ముగ్గురు కుమారులు.

పరిశోధనలు

ఒకే వంశపు చిట్టెలుకల మధ్య మార్చిన కణితి పెరుగుతుంది. వేరే వంశపు ఎలుకకు మారిస్తే సాధారణంగా నశిస్తుంది. దీనికి కారణమైన జన్యువులకు స్నెల్ కణజాల పొందిక జన్యువులు అనే అర్థంలో హిస్టోకంపాటిబిలిటీ జన్యువులని పేరు పెట్టాడు. 1946లో లండన్ నుండి పీటర్ గోరర్ బార్ హార్బర్‌కు వచ్చాడు. గోరర్ అంతకుముందే ఎలుకల రక్తకణాలపై గుర్తించిన రెండవ ప్రతిజనకం, స్నెల్ అన్వేషిస్తున్న జన్యువు ఒకే చోటికి చెందినవని తేలింది. దానికి హెచ్-2 అని పేరు పెట్టి, 1948లో ఫలితాలు ప్రకటించారు.

ఈలోగా 1947 అక్టోబరులో కార్చిచ్చు ప్రయోగశాలను దహించివేసింది. ఎలుకలలో అత్యధిక భాగం చనిపోయాయి. గతంలో ఇతర సంస్థలకు పంపిన వంశాల నుండి తిరిగి ఎలుకలను తెప్పించుకొని, స్నెల్ పనిని మళ్ళీ మొదలుపెట్టాడు. తరతరాలుగా ఎంపిక చేసి సంకరం చేస్తూ, ఒక్క పొందిక జన్యువు, దాని పరిసర భాగం తప్ప మిగతా అన్నిటా దాదాపు ఒకటిగా ఉండే జంట వంశాలను తయారుచేశాడు. ఇందువలన ఒక్కొక్క జన్యువు ప్రభావాన్ని విడిగా పరీక్షించడం సాధ్యమైంది. హెచ్-2 తేడా ఉంటే తిరస్కరణ తీవ్రంగాను, ఇతర జన్యువుల తేడాలు మాత్రమే ఉంటే సాధారణంగా నెమ్మదిగాను జరుగుతుందని తెలిసింది.

మూలకణాల మార్పిడిలో ప్రాముఖ్యత

మానవులలో హెచ్-2 కు సాటియైనది హెచ్‌ఎల్‌ఏ. ఇది ఆరవ క్రోమోజోముపై ఉంటుంది. తోబుట్టువులిద్దరికి ఇది పూర్తిగా కలిసే అవకాశం నాలుగింట ఒక వంతు. రక్త మూలకణాల మార్పిడిలో ప్రమాదం రెండు వైపులా ఉంటుంది: రోగి శరీరం దాత కణాలను తిరస్కరించవచ్చు, దాత రోగనిరోధక కణాలే రోగి చర్మం, కాలేయం, ప్రేగులపై దాడి చేయవచ్చు. హెచ్‌ఎల్‌ఏ సరిపోయినా, తోబుట్టువుల మధ్య కూడా ఈ దాడి జరగడానికి స్నెల్ చూపిన వంటి చిన్న జన్యు భేదాలు ఒక కారణం. వై క్రోమోజోము దీనికి ఉదాహరణ. స్త్రీ దాత కణాలను పురుషునికి ఎక్కించినపుడు ముప్పు కొంత ఎక్కువ. అయితే ఇవే భేదాల వలన దాత కణాలు మిగిలిన లుకేమియా కణాలను నిర్మూలించి, వ్యాధి తిరిగి రాకుండా కాపాడగలవు.

చివరి దశ

గోరర్ 1961లోనే మరణించినందున నోబెల్ బహుమతి ఆయనకు దక్కలేదు. స్నెల్ 1978లో వుల్ఫ్ బహుమతి కూడా పొందాడు. 1988లో నీతిశాస్త్రంపై ఒక గ్రంథం ప్రచురించాడు. 1996లో 92 ఏళ్ల వయసులో బార్ హార్బర్‌లో మరణించాడు.