సారనాథ్ శిల్పాలు – అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్

మన రూపాయి నాణెం మీద ఉండే సింహాల గుర్తు మీకు తెలుసు. దానికి మూలమైన రాతి శిల్పం కాశీకి దగ్గరలోని సారనాథ్‌లో 1905లో జరిపిన తవ్వకాలలో బయటపడింది. అంతకు 70 ఏళ్ల ముందే అక్కడ తవ్వించిన ఒక యువకుడున్నాడు. ఆయనే అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్. భారత పురావస్తు శాఖకు ఆద్యుడిగా ఆయన పేరు మీరు చరిత్ర పుస్తకాలలో చూసే ఉంటారు. ఈ పాఠంలో ఆయన జీవితాన్ని, ముఖ్యంగా సారనాథ్‌లో ఆయనకు దొరికిన విగ్రహాల సంగతిని తెలుసుకుందాం.

కన్నింగ్‌హామ్ 1814 జనవరి 23న లండన్‌లో జన్మించాడు. 1833లో, 19 ఏళ్ల వయస్సులో, ఈస్టిండియా కంపెనీ సైన్యంలో ఇంజనీరుగా మన దేశానికి వచ్చాడు. కలకత్తా టంకశాల అధికారి జేమ్స్ ప్రిన్సెప్‌తో ఆయనకు స్నేహం కలిసింది. 1837లో అశోకుని శాసనాల లిపిని చదివిన ప్రిన్సెప్ ఈయనే. ఆ స్నేహంతో కన్నింగ్‌హామ్‌కు పాత నాణేల మీద, శాసనాల మీద ఆసక్తి పెరిగింది.

1835 జనవరిలో ఆయన సారనాథ్‌లోని ధమేక్ స్తూపాన్ని పైనుంచి అడుగు వరకు బావిలా తవ్వించడం మొదలుపెట్టాడు. లోపల ధాతువులు ఉంటాయని ఆయన ఆశ. పని 14 నెలలు సాగింది. 500 రూపాయలకు పైగా ఖర్చయింది. చివరకు బౌద్ధ ధర్మసూత్రం చెక్కిన ఒక రాతి పలక దొరికింది గాని, ధాతువులు దొరకలేదు. స్తూపాన్ని ఇలా నిలువునా తొలవడం నేడు ఎవరూ ఒప్పుకోరు. అప్పటికి తవ్వకాల శాస్త్రం ఇంకా రూపు దిద్దుకోలేదని మీరు గమనించాలి.

అసలు నిధి వేరేచోట ఉంది. దగ్గరలోనే ఒక పాడుబడిన కట్టడం వద్ద తవ్వించగా సుమారు 60 విగ్రహాలు, శిల్ప ఫలకాలు కనబడ్డాయి. అవన్నీ 10 అడుగుల చదరం కూడా లేని చోట, నిలబెట్టి, ఒకదాని పక్కన ఒకటి ఇరికించి పేర్చి ఉన్నాయి. ఒక్క క్షణం ఆలోచించండి. గోడలు కూలి పడిన విగ్రహాలైతే విరిగి, ఒరిగి, చెల్లాచెదురుగా ఉండాలి కదా! ఇవి మనుషులు చేతులతో పెట్టినవి. విహారానికి ఆపద వచ్చినప్పుడు అక్కడివారు వీటిని దాచి ఉంటారని కన్నింగ్‌హామ్ నిర్ణయానికి వచ్చాడు. దొరికిన వస్తువే కాదు, అది దొరికిన తీరు కూడా సాక్ష్యమే అవుతుందని ఈ ఉదాహరణ వల్ల మీకు తెలుస్తుంది.

బాగున్న శిల్పాలను ఆయన కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీకి పంపాడు. మిగిలిన 40కి పైగా విగ్రహాలు అక్కడే నేలమీద ఉండిపోయాయి. తరువాత ఒక అధికారి వాటిని బండ్ల మీద తోలించి వరుణ నదిలో వేయించాడు. వంతెన కింద నేల కోసుకుపోకుండా రాళ్లు కావలసివచ్చాయట! శతాబ్దాలపాటు మట్టిలో భద్రంగా ఉన్నవి, బయటపడిన తరువాతనే నాశనమయ్యాయి. ఈ సంగతిని కన్నింగ్‌హామ్ తన నివేదికలో తానే నమోదు చేశాడు.

1861లో ప్రభుత్వం ఆయనను పురావస్తు సర్వేయరుగా నియమించింది. 1866లో ఆ పని ఆగిపోయింది. 1871లో తిరిగి శాఖను ఏర్పరచి ఆయననే డైరెక్టర్ జనరల్‌ను చేశారు. చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ రాసిన దూరాలు, దిక్కులు చూసుకుంటూ ఆయన ఉత్తర భారతమంతా తిరిగాడు. 1873లో భర్హుత్ స్తూపాన్ని కనుగొన్నాడు. ఊరివాళ్లు దాని రాళ్లను ఇళ్లకు వాడుకుంటున్నారు. మిగిలిన శిల్పాలను ఆయన కలకత్తా మ్యూజియానికి చేర్పించాడు. సారనాథ్ అనుభవం ఆయన మరచిపోలేదనిపిస్తుంది.

ఆయన దృష్టికి పరిమితులు కూడా ఉన్నాయి. హరప్పాలో దొరికిన ముద్రికను 1875లో ప్రకటించి కూడా, అది పరదేశానిదని భావించాడు. సింధు నాగరికత ఆయన చేతికి అంది జారిపోయింది.

1885లో పదవీ విరమణ చేసి స్వదేశానికి వెళ్లిన కన్నింగ్‌హామ్ 1893 నవంబరు 28న లండన్‌లో మరణించాడు. ప్రాచీన కట్టడాల పరిరక్షణ చట్టం 1904లో వచ్చింది. మరుసటి ఏడాది బయటపడిన సింహాల శిల్పం కోసం కలకత్తా వెళ్లనవసరం లేదు. 1910లో సారనాథ్‌లోనే మ్యూజియం కట్టారు. దానిని మీరు అక్కడే చూడవచ్చు.